తలుపుల్లేని లిఫ్టులూ, మా మామయ్యా

ఇప్పుడు మా ఇంట్లో భోజనాలు వేళకి అయిపోతున్నాయి. కూర దించడం, పళ్ళేలు పెట్టడం, తినడం, కడిగి బోర్లించడం అన్నీ చకచకా జరిగిపోతాయి. ఇంకా వెలుతురుండగానే వంటిల్లు శుభ్రమైపోతుంది. ఇంకేం చెయ్యాలో తోచక సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దుతుంటాను.

ఇదివరకు ఇలా ఉండేది కాదు. మా ఆయన కళ్ళద్దాల షాపు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీవీ ముందు కూర్చుని ఆట పెట్టారంటే ఇక అంతే. నేను వంటింట్లోంచి పిలవడం, ఆయన "ఒక్క నిమిషం" అనడం. ఆ ఒక్క నిమిషంలో కూర చల్లారేది, మళ్ళీ వేడెక్కేది, మళ్ళీ చల్లారేది.

"కాస్త ఆపి రావచ్చుగా?" అనేదాన్ని.

"దీన్ని ఆపడానికి లేదే. వాళ్ళు ఆపే బటనే పెట్టలేదు. నేను లేస్తే వీడు చస్తాడు."

"మీరు కూర్చున్నా చస్తూనే ఉన్నాడుగా!"

వీడంటే తెర మీది మనిషి. నెత్తిన ఇనప టోపీ, చేతిలో తనకంటే పొడుగు కత్తి, భుజాల మీంచి మడమల దాకా వేలాడే ఆకుపచ్చ శాలువా. పాడుబడ్డ కోటల్లో, ఊబుల్లో తిరుగుతూ, పది తలల పాములతోనూ, తలే లేని గుర్రపు రౌతులతోనూ కొట్లాడి చస్తుంటాడు. చచ్చి మళ్ళీ లేచి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ చస్తాడు. మా ఇంట్లో దాని పేరు చావుల ఆట. ఆ పేరు ఇప్పుడు మేమెవరం పలకం.

మేమంటే ఇద్దరమే. నేనూ, మా ఆయన నాన్నగారు, అంటే మా మామయ్యా.

మామయ్య గురించి చెప్పాలంటే ముందు లిఫ్టుల గురించి చెప్పాలి. చిన్నప్పుడు ఒక లిఫ్టు మెకానిక్కు దగ్గర తాళ్ళకి గ్రీజు పూసే పనిలో చేరి, మెల్లగా మెట్టు మెట్టూ ఎక్కి, చివరికి లిఫ్టులు పరీక్ష చేసే ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఊళ్ళో సగం లిఫ్టుల్లో అద్దం పక్కన అతికించిన కాగితం మీద, కింద మూల, గొలుసులా మెలికలు తిరిగిన సంతకం ఆయనదే. ఏ లిఫ్టు ఎక్కినా ముందు గడప అవతల ఒక కాలు, ఇవతల ఒక కాలు పెట్టి, లోపలి కాలితో మూడుసార్లు గట్టిగా తొక్కుతారు. ఆ చప్పుడు విన్నాక గాని రెండో కాలు లోపల పెట్టరు. మంచాలు, కుర్చీలు, స్నేహితుల స్కూటర్లు కూడా అలాగే తొక్కి చూస్తారు. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు మా పుట్టింటి గడపని మూడు తొక్కులు తొక్కి, "గట్టిదే" అన్నారుట. నన్ను గురించి అన్నారనుకుని మా అమ్మ మురిసిపోయింది.

ఆయన పెళ్ళినాడే పెళ్ళి హాలు లిఫ్టు మధ్యలో ఇరుక్కుపోయింది. లోపల పెళ్ళికూతురి తరఫువాళ్ళు. పెళ్ళికొడుకు ఊరుకుంటాడా? పెళ్ళిబట్టల్తోనే పైకప్పు ఎక్కి, మోటారు తిప్పి, లిఫ్టు గోతిలోకి దిగి, అందర్నీ దించి, నెత్తి నుంచి కాళ్ళ దాకా గ్రీజుతో వచ్చి పీట మీద కూర్చున్నారు. ఆ రోజు మా అత్తగారు ఆయనతో మాట్లాడిన మొదటి మాట, "ఇంకెప్పుడూ మంచి బట్టల్తో ఆ గోతిలోకి దిగకండి." ఆవిడ పోయి చాలా ఏళ్ళయినా ఆ మాట మాత్రం ఆయన జవదాటలేదు. పనికి వెళ్ళినచోటల్లా చొక్కా విప్పి, మడిచి, శుభ్రమైన చోట పెట్టి, బనియనుతోనే గోతిలోకి దిగేవారు.

మేముండేది అయిదో అంతస్తు. మామయ్య మాత్రం మెట్లే ఎక్కుతారు. "మన లిఫ్టుకి దగ్గుంది" అంటారు. వాచ్‌మన్ నవ్వుతాడు. "పెద్దాయనా, లిఫ్టుకి దగ్గేంటి?" అంటే, "నీకు వినపడదులే. నీకు హారన్ కూడా వినపడదు" అంటారు.

మా ఆయన పోయాక మామయ్య లిఫ్టుల మాటే ఎత్తడం మానేశారు. కుర్చీలు తొక్కి చూడ్డం కూడా మానేశారు. నేనా, ముందునుంచీ తక్కువ మాట్లాడే మనిషిని. ఇద్దరం ఇంట్లో ఉంటే గోడగడియారమే వాగుడుకాయ.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం టీవీ కింద ఉన్న, ఆట ఆడే నల్లపెట్టె టింగుమంది.

ఆ పెట్టెని ఎవరూ ఆపలేదు. వచ్చినవాళ్ళూ పోయేవాళ్ళూ ఉన్న హడావిడిలో దాని సంగతి ఎవరికీ తట్టలేదు. చిన్న నారింజరంగు దీపం వెలుగుతూనే ఉండేది. నేను రోజూ దాని చుట్టూ తుడిచేదాన్ని గాని, దాన్ని ముట్టుకునేదాన్ని కాదు. టింగుమనేసరికి చేతిలో గుడ్డ జారిపోయింది. మామయ్య కళ్ళజోడు వెతుక్కుని వచ్చి, టీవీ పెట్టి, తెర మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదివారు.

"ఏదో వచ్చిందట అమ్మా. వాడు ముందే కొనిపెట్టుకున్నాడట. ఆటకి కొత్త భాగమట."

నాకు తెలుసు. దాని కోసం మా ఆయన ఏడాదిగా చిన్నపిల్లాడిలా ఎదురుచూశారు. ఆటకి దాన్ని చేసినవాళ్ళే మళ్ళీ కొంత కట్టి కలుపుతారట, ఇంటి మీద ఇంకో వాటా వేసినట్టు. మా ఆయనకి ఈ ఆటలో కొంతమంది స్నేహితులున్నారు. ఎవరు ఎక్కడివాళ్ళో తెలీదు, చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడుకోవడమే. ఇలాంటివి వచ్చినప్పుడల్లా ముందు మా ఆయన ఆడి చూసి, "కొనండి" అనో, "దండగ" అనో తీర్పు చెప్పేవారు. ఆయన మాట వచ్చేదాకా వాళ్ళెవరూ జేబులో చెయ్యి పెట్టేవారు కాదు.

మర్నాడు వాళ్ళలో ఒకతను వచ్చాడు. మాకు తెలిసినవాడు ఇతనొక్కడే. బజారు చివర బేకరీ ఉంది. భారీ మనిషి. ఆటలో గొడ్డలి తప్ప ఇంకే ఆయుధం పట్టడని అందరూ అతన్ని గొడ్డలి అనే పిలుస్తారు. బిస్కెట్ల పొట్లం బల్ల మీద పెట్టి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నిలబడ్డాడు.

"వదినా, మావాళ్ళెవరూ కొనలేదు. అన్న చెప్పకుండా ఎలా కొంటామంటున్నారు. అన్న చెప్పేది లేదుగా అంటే... ఎవడూ మాట్లాడ్డు."

మామయ్య బిస్కెట్టు అందుకున్నారు. "ఏమిటా కొత్త భాగం?"

"డీఎల్‌సీ అంటారు బాబాయ్. పాత ఆట మీద కొత్త లోకం. పైన మేఘాల్లో కోట కట్టారు."

"మేఘాల్లోనా? పైకెలా వెళ్తారు?"

"లిఫ్టులుంటాయి బాబాయ్. చాలా లిఫ్టులు."

మామయ్య చేతిలో బిస్కెట్టు ఆగిపోయింది. చాలారోజుల తర్వాత ఆయన మెడ నిటారుగా నిలబడ్డం చూశాను.

"అయితే ఉన్న కట్టడం మీద కొత్త అంతస్తు వేశారన్నమాట. మళ్ళీ పరీక్ష చెయ్యకుండా జనాన్ని ఎక్కించేస్తున్నారా?"

"అది... ఆట బాబాయ్."

"పడితే చస్తారా, చావరా?"

"చస్తారు."

"మరి?" అని మామయ్య లేచి, టీవీ పెట్టి, బటన్లుండే ఆ చేతిపరికరం తీసుకున్నారు. రెండు వైపులా కొమ్ములతో ఉంటుందని మేం దాన్ని పీత అంటాం. ఆ పీతని అటూ ఇటూ తిప్పి, మా ఆయన పట్టుకున్నట్టే పట్టుకుని, బొటనవేలు బటన్ మీద పెట్టారు.

"వద్దు!" అన్నాను.

అరిచానని అరిచాక తెలిసింది. గొడ్డలి ఉలిక్కిపడి వెనక్కి జరిగి, కుర్చీకి తగిలి, కుర్చీతో సహా గోడని గుద్దాడు.

తెర మీద వీడు కూర్చుని ఉన్నాడు. ఒక కూలిన గోడ పక్కన, చలిమంట దగ్గర, మోకాళ్ళు ముడుచుకుని, శాలువా కప్పుకుని. ఆ చివరి రోజు పొద్దున్న షాపుకి వెళ్ళేముందు మా ఆయన కాసేపు ఆడి వీణ్ణి అక్కడ కూర్చోబెట్టారు. శాలువా అంచంతా ఊబి బురద. "అలా ఈడ్చుకు తిరక్కపోతే ఉతకరాదూ?" అని నేను సాధించాను. ఆ ఆటలో సబ్బు కూడా ఉంటుంది, నమ్మండి. సంచీలోంచి తీసి ఒక్క బటన్ నొక్కితే ఒంటి మీది మురికంతా పోతుంది. "సాయంత్రం వచ్చి ఉతుకుతాలే" అన్నారు నాతో. "ఇక్కడే కూర్చోరా, వచ్చేస్తా" అన్నారు వీడితో. ఇద్దరం అలాగే ఉండిపోయాం.

మామయ్యకి ఇవన్నీ ఎలా చెప్పను? "అడుగు కదిపితే ఇదంతా చెరిగిపోతుంది మామయ్యా. కొత్త చోటుని ఆటే రాసేసుకుంటుంది. ఆయన వీణ్ణి ఎక్కడ వదిలారో ఇక తెలీదు" అన్నాను.

గొడ్డలి తల దించుకున్నాడు. "నిజమే బాబాయ్. కొత్త ఆటగాడితో వెళ్దామంటే కుదరదు. పాత ఆటలో పెద్ద పెద్దవాళ్ళని చంపినవాడికే పై దారి తెరుచుకుంటుంది. అన్న మనిషి ఒక్కడే ఉన్నాడు."

మామయ్య పీతని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తెర వైపు చూశారు. తర్వాత మెల్లగా అన్నారు.

"అమ్మాయ్, పరీక్షకి వెళ్ళిన లిఫ్టుని ఏ అంతస్తులో పడితే ఆ అంతస్తులో వదిలేసి రాకూడదు. ఎన్నిసార్లు తిప్పినా, చివరికి కిందికి తెచ్చి, మొదట ఎక్కడుందో అక్కడే నిలబెట్టి, తలుపు వేసి రావాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేనొక్కసారి తప్పలేదు. వీణ్ణి రోజూ ఇక్కడికే తెచ్చి, ఈ గోడ పక్కనే, ఇటే మొహం పెట్టి కూర్చోబెడతాను. సరేనా?"

"శాలువా?"

"అదా. మంట పక్కన సామాన్ల పెట్టె ఉందిగా, విప్పి అందులో పెడదాం. మంచి బట్టల్తో గోతిలోకి దిగుతామా ఏమిటి?"

నేను తల ఊపాను. ఎలా ఊపానో నాకే తెలీదు.

అలా మా వీరుడు శాలువా, చొక్కా, ఇనప టోపీ, బూట్లు అన్నీ విప్పి పెట్టెలో పెట్టేసి, ఒక్క చెడ్డీతో మేఘాలలోకం మీదికి బయల్దేరాడు.

ఆ తర్వాత మా ఇంట్లో మధ్యాహ్నాలు మారిపోయాయి. మామయ్య భోంచేసి, చెయ్యి తుడుచుకుని, హెడ్‌సెట్ పెట్టుకుని, డ్యూటీకి కూర్చున్నట్టు కూర్చునేవారు. నేను బియ్యం ఏరుకుంటూ వెనక కూర్చునేదాన్ని. నడవడం నేర్చుకోవడానికే కొన్ని రోజులు పట్టింది. మొదటి వారమంతా వీడు గోడని చూస్తూ పక్కకి నడిచాడు. తర్వాత లిఫ్టు కనబడింది. లిఫ్టంటే ఒక రాతిపలక, గొలుసులు, అంతే. మామయ్య వీణ్ణి గడప దగ్గర నిలబెట్టి, గెంతించి, ఇవతలికి తెచ్చి, మళ్ళీ గెంతించి, చెవి ఒగ్గి విన్నారు.

"తలుపేదిరా?"

హెడ్‌సెట్లోంచి గొడ్డలి గొంతు గరగరా వినిపించింది. "తలుపుండదు బాబాయ్."

"చుట్టూ కటకటాలు?"

"ఉండవు."

"ఎంతమంది ఎక్కాలో రాసిన బోర్డు?"

"రాక్షసుల లిఫ్టుకి బోర్డేంటి బాబాయ్?"

"రాక్షసులైతే బరువు ఎక్కువ. బోర్డు ఇంకా ముఖ్యం."

ఈలోగా వెనక నుంచి ఒక అస్థిపంజరం వచ్చి వీణ్ణి ఒక్క వేటు వేసింది. చెడ్డీ తప్ప ఒంటి మీద నూలుపోగు లేదాయె, ఠపీమని పోయాడు. మామయ్య చలించలేదు. "పని జరిగేచోట బయటివాళ్ళని రానిస్తున్నారు" అని తప్పు పట్టారు.

ఇలాగే సాగింది. మెట్లకి పిట్టగోడలు లేవన్నారు. వంతెన మీద దీపాల్లేవన్నారు. విషపు మడుగు పక్కన హెచ్చరిక పెట్టలేదన్నారు. ఒక తలుపు దగ్గర ఎంత తోసినా "ఇటువైపు నుంచి తెరుచుకోదు" అని వచ్చేసరికి, "అగ్గి అంటుకుంటే ఎటు పరిగెత్తాలి?" అని నిలదీశారు. నిలదీసేలోపే ఒక డ్రాగన్ వచ్చి నిజంగానే అగ్గి ఊదింది. "చూశావా, నే చెప్పలా?" అని నావైపు తిరిగి గెలిచినవాడిలా నవ్వారు. వెనక వీడు కాలి బూడిదవుతున్నాడు.

ఆయన నవ్వు చూసి నేను బియ్యంలో రాయి ఒకటి వదిలేశాను. రాత్రి అది ఆయన పంటికిందే పడింది.

నా అభిప్రాయం ఎవరూ అడగలేదు గాని, ఆ కోటలో నాకొక గది నచ్చింది. పొడుగాటి భోజనాల బల్ల, పళ్ళేలన్నీ సర్ది ఉంటాయి. తినేవాళ్ళు దయ్యాలు. ఎవరూ తినరు, ఎవరూ లేవరు. ఎంతసేపటినుంచి వడ్డించి పెట్టారో పాపం ఆ ఇల్లాలు అనుకున్నాను.

ఆడ్డం అయ్యాక మామయ్య వీణ్ణి మంట దగ్గరికి తీసుకొచ్చేవారు. ఒక మంట నుంచి ఇంకో మంటకి ఇట్టే వెళ్ళే వీలుంది ఆ ఆటలో. పెట్టెలోంచి శాలువా తీసి కప్పి, గోడ పక్కన సరిగ్గా అదే చోట కూర్చోబెట్టి, "చూసుకో అమ్మా" అనేవారు. నేను చూసుకునేదాన్ని. శాలువా అంచున బురద అలాగే ఉండేది. అప్పుడు టీవీ ఆపేవారు.

ఈలోగా మాకు తెలీకుండా మామయ్య పేరు పాకిపోయింది. ఒక పెద్దాయన ఒంటి మీద కవచం లేకుండా, చెడ్డీతో, అంత కష్టమైన ఆట ఆడుతున్నాడట, ఎంతటి మొనగాడో అని మా ఆయన స్నేహితులంతా రోజూ ఎవరిళ్ళలో వాళ్ళు తమ తెరల మీదే చూడ్డం మొదలుపెట్టారు. చెడ్డీ మాస్టారు అని పేరు పెట్టారు. మామయ్య ప్రతి లిఫ్టు దగ్గరా ఆగి గెంతడం ఏదో రహస్య విద్య అనుకుని వాళ్ళూ గెంతడం నేర్చుకున్నారట.

"మాస్టారూ, ఆ గెంతడం వల్ల లాభమేంటండీ?" అని ఒకడు హెడ్‌సెట్లో అడిగాడు.

"గొలుసు గట్టిదో కాదో తెలుస్తుంది బాబూ."

"అబ్బ! ఎంత లోతుగా ఆలోచించారండీ!"

అలా కోటంతా తిరిగి, చివరికి ఒకే ఒక్క లిఫ్టు మిగిలింది. కోట నడిబొడ్డున, నల్లరాతి పలక. గొడ్డలి దాని గురించి ఎక్కడో చదివి ముందే హెచ్చరించాడు.

"బాబాయ్, అది మాత్రం ఎక్కొద్దు. ఒకసారి దిగిందంటే మళ్ళీ పైకి రాదు. కింద ముళ్ళరాణి ఉంటుంది. ఆవిణ్ణి చంపేదాకా ఏ మంట దగ్గరికీ వెళ్ళనివ్వరు. చచ్చినా మళ్ళీ అక్కడే లేస్తాడు."

నేను బియ్యం ఏరడం ఆపేశాను. మామయ్య అది గమనించి, "ఎక్కనమ్మా. వీణ్ణి వెనక్కి తేవాలన్న మాట నాకు తెలీదా? ఊరికే గడప మీంచి చూసి, ఫెయిల్ అని రాసేసి వచ్చేద్దాం" అన్నారు.

గడప దాకా వెళ్ళారు. పలక వైపు చూశారు. ఆ తర్వాత జరిగింది ఆయన చెయ్యలేదు, ఆయన అలవాటు చేసింది. వీడు ఒక కాలు ముందుకి వేసి, మూడుసార్లు గెంతాడు.

మూడో గెంతుకి పలక కిందికి దిగడం మొదలెట్టింది.

"బాబాయ్!" అని గొడ్డలి అరిచాడు. "మాస్టారూ!" అని తక్కినవాళ్ళు అరిచారు. మామయ్య పీత మీద ఉన్న బటన్లన్నీ కలిపి నొక్కేశారు. వీడు దిగుతూ దిగుతూ సంచీలోంచి ఏదో తీసి తిన్నాడు, దండం పెట్టాడు, కత్తి చెయ్యి మార్చుకున్నాడు. పలక మాత్రం ఆగలేదు. పైన వెలుగు చిన్న నాణెమంత అయి, అదీ పోయింది.

మామయ్య నావైపు తిరగలేదు. ఆయన మెడ వెనక భాగం ఎర్రబడింది.

"ఎక్కనన్నాను. తొక్కేశాను" అన్నారు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే కడిగాను. మంట దగ్గర గోడ పక్కన ఇప్పుడు ఎవరూ లేరు. శాలువా పెట్టెలో ఉంది. వీడేమో చెడ్డీతో, చలిలో, భూమి అడుగున, ముళ్ళ మధ్య ఉన్నాడు. ఆలోచిస్తే నవ్వొచ్చే సంగతే. నాకు నవ్వు రాలేదు.

మర్నాటినుంచి మామయ్య మెట్లెక్కి దిగడం కూడా మానేసి ఆ ముళ్ళరాణి మీద పడ్డారు. ఇంతెత్తు మనిషి, జడ బదులు ముళ్ళకంపలు, చేతికో బల్లెం. వీడు అడుగుపెట్టగానే విసిరేది. వీడు పోయేవాడు. మళ్ళీ లేచేవాడు. మళ్ళీ విసిరేది. గొడ్డలి బేకరీకి తాళం వేసి వచ్చి, "నేను చంపిపెడతా వదినా" అని పీత పట్టుకున్నాడు. అతని చేతిలోనూ వీడు పోయాడు. "అన్న సంచీలో గొడ్డలి లేదు వదినా, కత్తితో నాకు చెయ్యి తిరగదు" అని, తెచ్చిన బిస్కెట్లు తనే తినేసి వెళ్ళిపోయాడు.

నేను భోజనానికి పిలిస్తే మామయ్య, "ఒక్క నిమిషం అమ్మా" అన్నారు.

ఆ మాట విని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కూర చల్లారింది. మళ్ళీ వేడిచేశాను. మళ్ళీ చల్లారింది.

చివరికి ఒక మధ్యాహ్నం మామయ్య పీత కింద పెట్టేశారు. "చంపడం మన వృత్తి కాదమ్మా. నావల్ల కాదు. నీకిచ్చిన మాట పోయింది."

"పోనివ్వండి మామయ్యా" అన్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, తెర వైపు చూసి, ఉన్నట్టుండి ముందుకి వంగారు. "ఆ మూల చూడు. అటక లాంటిది ఉందే, దాని కింద పలక. అదీ లిఫ్టే!"

నిజమే. ముళ్ళరాణి హాలు మూల చిన్న పలక ఒకటుంది. పైన గోడకి చిన్న అరుగు, అరుగు మీద ఒక మీట. ఇన్నాళ్ళూ చావడంలోనే సరిపోయింది, ఎవరం చూడలేదు.

"ఎలాగూ చెడింది. ఉన్న ఒక్క లిఫ్టూ చూడకుండా ఎందుకు వదలాలి?" అని మళ్ళీ పీత పట్టుకున్నారు. ఈసారి రాణి వైపు కన్నెత్తి చూడలేదు. ఆవిడ బల్లెం విసురుతుంటే పక్కనుంచి పనున్నవాడిలా పరిగెత్తి, పలక మీదికెక్కి, మూడుసార్లు గెంతి, పైకి పోయి అరుగు మీద దిగారు. వీడి ఒంట్లో చీమ తలకాయంత ప్రాణం మిగిలింది.

మీట నొక్కారు. పలక కిందికి పోయింది. కింద ధడేలుమని చప్పుడైంది. మళ్ళీ నొక్కారు, పైకొచ్చింది.

"కింద ఏదో అడ్డుపడుతోంది. పూర్తిగా దిగట్లేదు" అన్నారు.

నేను బియ్యంచేట పక్కన పెట్టి దగ్గరికి వెళ్ళాను. వీడికి అందక రాణి ఆ గోతిలోకి వచ్చి, మెడ పైకెత్తి నిలబడింది. పలక దిగినప్పుడల్లా నేరుగా ఆవిడ నెత్తిన పడుతోంది. తెర అడుగున ఆవిడ ప్రాణం చూపించే ఎర్రగీత ఉంటుంది. అది కొంచెం తగ్గింది.

"మామయ్యా, ఆవిడ గీత తగ్గుతోంది!"

"ఎవరి గీత? ఉండమ్మా, పలక ఎడమవైపు వాలుతోంది." ధడేల్.

"రాణి గీత మామయ్యా! ఆవిడ నెత్తి మీద పడుతోంది!"

"గోతిలో మనిషుందా?" అని ఆయన మీట మీంచి చెయ్యి తీసేశారు. మొహం పాలిపోయింది. "మనిషుండగా లిఫ్టు తిప్పకూడదమ్మా! ఇన్నేళ్ళ సర్వీసులో..."

"అది మనిషి కాదు, ముళ్ళరాణి! తిప్పండి!"

"రూలు ఒప్పుకోదు."

"మీ రూలుకో దండం! తిప్పండి మామయ్యా!" అని అరిచాను. హెడ్‌సెట్లోంచి అందరూ, "మాస్టారూ, తిప్పండి!" అని కేకలు.

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని తిప్పారు. పైకి, కిందికి, ధడేల్. పైకి, కిందికి, ధడేల్. ప్రతి ధడేలుకీ, "అమ్మా, జరుగు తల్లీ, జరుగు" అని రాణిని బతిమాలుతూనే ఉన్నారు. ఆవిడ జరగలేదు. ఎర్రగీత సన్నబడి, సన్నబడి, ఆరిపోయింది. ముళ్ళన్నీ రాలిపోయి, తెర నిండా బంగారు అక్షరాలు వచ్చాయి.

"ఏమంటోంది?" అన్నాను.

మామయ్య ఒక కన్ను తెరిచి చదివారు. "గెలిచామట." తర్వాత కోపంగా లేచి నిలబడ్డారు. "చూశావా! అందుకేగా నేను మొదట్నించీ మొత్తుకునేది! తలుపుంటే ఆ మహాతల్లికి ఈ గతి పట్టేదా?"

హెడ్‌సెట్లో ఒకటే ఈలలు. చెడ్డీతో, కత్తి దుయ్యకుండా, లిఫ్టుతో ముళ్ళరాణిని చంపినవాడు ఇంకెవడూ లేడట. గొంతులన్నీ సద్దుమణిగాక గొడ్డలి అడిగాడు. "బాబాయ్, మరి తీర్పు? కొనమంటారా?"

మామయ్య తన కొడుకు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని, పీతని రెండు చేతులా పట్టుకుని ఆలోచించారు.

"కట్టినవాళ్ళకి పని తెలుసు. ఏ దారిన పోయినా చివరికి మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపారు, అది ఊరికే రాదు. ఆ భోజనాల గది మా కోడలికి నచ్చింది. విషపు మడుగులు ఎక్కువయ్యాయి, తగ్గించాలి. చాలాసార్లు చచ్చాను. అయితే ఒక్కసారీ వాళ్ళు మోసం చెయ్యలేదు, ప్రతిసారీ తప్పు నాదే. తొక్కొద్దన్నచోట తొక్కాను. లిఫ్టులు మాత్రం ఒక్కటీ పాస్ కాదు, నేను సంతకం పెట్టను." ఆగి గొంతు సవరించుకున్నారు. "కొనండి. మెట్లున్నచోట మెట్లెక్కండి. మావాడున్నా కొనమనేవాడు."

తర్వాత ఒక్కొక్కరూ, "సరే మాస్టారూ" అన్నారు.

వీడు మంట దగ్గరికి తిరిగొచ్చాడు. కూలిన గోడ అలాగే ఉంది. మామయ్య పెట్టె తెరిచి చొక్కా వేసి, ఇనప టోపీ పెట్టి, బూట్లు తొడిగి, శాలువా కప్పారు. ఒక అడుగు అటు, అర అడుగు ఇటు సర్ది, మోకాళ్ళు ముడిచి కూర్చోబెట్టారు.

"చూసుకో అమ్మా."

చూసుకున్నాను. అదే చోటు. ఇటే మొహం.

"బాబాయ్," అని గొడ్డలి గొంతు మళ్ళీ వినిపించింది, "అన్న శాలువా బురద కొట్టుకుపోయింది, చూశారా? సంచీలో సబ్బుంటుంది. ఒక్క బటన్ నొక్కితే తళతళలాడుతుంది."

మామయ్య సంచీ తెరిచారు. సబ్బు కనబడింది, చిన్న పసుపు ముక్క. బొటనవేలు బటన్ దాకా తీసుకెళ్ళి, నావైపు చూశారు. ఇంట్లో ఏ గుడ్డ మీద చుక్క పడినా, ఆరేసినదాన్నయినా దింపి మళ్ళీ ఉతికే మనిషిని నేను. అది ఆయనకి తెలుసు.

"ఉండనివ్వండి మామయ్యా" అన్నాను. "భోజనానికి లేవండి, చల్లారిపోతోంది."

"ఒక్క నిమిషం" అని ఆయన సంచీ మూసేశారు.

సబ్బు అందులోనే ఉంది.